గురజాలకు వచ్చిన హయ్యర్

పల్నాడు అంటే బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం. గురజాల అంటే నలగామరాజు రాజధాని. చిన్నప్పుడు ఇంతకుమించి నాకెవరూ చెప్పలేదు. ఆ గురజాలలోనే ఓ అమెరికా పాస్టరు కాపురం పెట్టాడని తెలిసేసరికి నాకు ముప్పై దాటాయి. నిజానికి ముందే తెలియాలి. మా అమ్మమ్మది మిషన్ బడి చదువు మరి!

మొన్న వేసవిలో నరసరావుపేటలో బస్సెక్కాను. పిడుగురాళ్ల దగ్గర సున్నపుబట్టీల దుమ్ము, కిటికీలోంచి నిప్పులు చెరిగే గాలి. ఎండల వార్తల్లో తరచూ కనిపించే రెంటచింతల ఆ పక్కనే. ఫ్యాను కూడా లేని రోజుల్లో ఇక్కడెలా ఉన్నాడో మహానుభావుడు!

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793లో జర్మనీలో పుట్టాడు. చిన్నతనంలోనే అమెరికా చేరి లూథరన్ పాస్టరయ్యాడు. 1839లో భార్య పోయింది. రెండేళ్లకు ఓడెక్కి, 1842 జులై 31న గుంటూరులో దిగాడు. డొక్కల కరువు వచ్చిపోయి అప్పటికి పదేళ్లే. కలెక్టర్ హెన్రీ స్టోక్స్ ఆదరించాడు. హయ్యర్ బళ్లు పెట్టాడు, ఆడపిల్లలకు కూడా. మధ్యలో అమెరికా వెళ్లి, యాభై దాటిన వయసులో వైద్యం పట్టా పుచ్చుకుని మళ్లీ వచ్చాడు. 1849లో గురజాలకు మకాం మార్చాడు.

ఆయన వచ్చింది మతం చెప్పడానికే. అందులో దాపరికమేం లేదు. బడిలో నన్ను కూడా 'పాలపొడి కోసం మతంలో కలిసినోళ్లు' అని ఏడిపించేవారు. ఏడుస్తూ ఇంటికొస్తే అమ్మమ్మ ఏమీ అనేది కాదు. ముక్కు మీదికి కళ్లజోడు జార్చి, ఎవరిదో ఉత్తరం చదువుతుండేది. పల్లెలో ఎవరికి కార్డు వచ్చినా ఆమె దగ్గరికే తెచ్చేవారు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాలనూ ఒక్కచోట కూర్చోబెట్టాడని చెప్పుకునే పల్నాడులోనే, మా పల్లెకు అక్షరం మాత్రం ఇంత ఆలస్యంగా వచ్చింది.

హయ్యర్ 1857లో తిరిగి వెళ్లిపోయాడు. 1869లో రాజమండ్రి మిషన్‌ను వేరే సంఘానికి అప్పగించబోతున్నారని తెలిసి, 'నేను వెళ్తాను' అని లేచాడు. అప్పటికాయనకు 76 ఏళ్లు. అన్నట్టే వచ్చాడు కూడా! 1873లో అమెరికాలో కన్నుమూశాడు.

ఇదంతా గురజాలలో చర్చి దగ్గర వేపచెట్టు కింద కూర్చుని ఓ పెద్దాయనతో చెప్పుకున్నాం. ఆయనకు నాకంటే ఎక్కువే తెలుసు. లేచేటప్పుడు అడిగాడు: "ఇంతకీ మీ అమ్మమ్మ ఏ ఊరి బళ్లో చదివిందమ్మా?"

నోరు పెగల్లేదు. అమ్మమ్మ ఉన్నన్నాళ్లూ ఆ మాట అడగనేలేదు. బస్సెక్కగానే అమ్మకు ఫోన్ చేశాను.