టికెట్లెన్ని తెగినయ్?

బాలాపూర్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది లడ్డూయే. 1994లో 450 రూపాయలతో మొదలైన అక్కడి గణేశుడి లడ్డూ వేలంపాట 2025లో 35 లక్షలకు చేరింది. నిమజ్జనం నాడు ఆ పాట వినడానికి ఊరంతా బొడ్రాయి దగ్గర చేరుతుంది. అదే ఊళ్లో ఓ ఇంటి అరుగు మీద మాత్రం ఏడాది పొడవునా ఇంకో పాట నడుస్తూ ఉంటుంది. పాడేది ఇద్దరే... డెబ్బై దాటిన తాత, ఇంజినీరింగ్ చదువుతున్న మనవడు. పాటకు పెట్టిన సరుకు, జేమ్స్‌బాండ్!

మనవడికి బాండ్ సినిమాలంటే ప్రాణం. ఏ సినిమాకి ఎంతొచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

‘‘తాతా, ‘స్కైఫాల్’ 110 కోట్ల డాలర్లు కొట్టింది. బాండ్ బొమ్మల్ల అదే ఫస్ట్.’’

‘‘మంచిగనే ఉంది. టికెట్లెన్ని తెగినయ్ రా?’’

ఎప్పుడూ అదే ప్రశ్న. ఆ ప్రశ్నకి మనవడి దగ్గర జవాబుండదు.

తాత అలా అడగడానికి కారణముంది. నగర శివారులోని ఓ సినిమా హాల్లో ఆయన ముప్ఫై ఏళ్లు బుకింగ్‌లో కూర్చున్నాడు. చెయ్యి మాత్రమే దూరే కంత. అవతల మనుషుల మొహాలు కనపడవు, చేతులే కనపడతాయి. పిడికిట్లో చిల్లర చెమటతో తడిసి ఉందంటే క్యూ చాలా పొడుగుందని లెక్క. ఆట మొదలయ్యాక టికెట్ పుస్తకాల కొసలు లెక్కపెట్టి డీసీఆర్ రాయాలి. అంటే ఆ రోజు వసూళ్ల పట్టీ. పంపిణీదారు తరఫున వచ్చిన రిప్రజెంటేటివ్ పక్కనే నిలబడి తలలు లెక్కేస్తుంటాడు. తల ఒకటి ఎక్కువై టికెట్ ఒకటి తక్కువైతే ఆ రాత్రి పంచాయతీయే! అందుకే తాతకి రూపాయల మీద నమ్మకం లేదు. రూపాయి మారుతుంది. మనిషి తల మారదు.

మొన్న వేసవి సెలవుల్లో మనవడు పట్టుదలగా కూర్చుని లెక్క తీశాడు. ఒక్క అమెరికా వరకే చూసుకుంటే ‘స్కైఫాల్’ 30 కోట్ల డాలర్లపైనే తెచ్చింది. ఆ ఏడాది, అంటే 2012లో, అక్కడ టికెట్ సగటు ధర దాదాపు ఎనిమిది డాలర్లు. భాగిస్తే మూడు కోట్ల ఎనభై లక్షల టికెట్లు. ఇక 1965లో వచ్చిన ‘థండర్‌బాల్’ తెచ్చింది ఆరు కోట్ల ముప్ఫై లక్షల డాలర్లు. కానీ అప్పటి టికెట్ సగటున ఒక్క డాలరు. అంటే ఆరు కోట్ల పైచిలుకు టికెట్లు!

మనవడు రెండుసార్లు గుణించుకున్నాడు, మూడోసారి ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

‘‘చూసినవా? పాత బొమ్మే గెల్చింది’’ అన్నాడు తాత, అదేదో తనే తీసిన సినిమా అయినట్టు.

నంబరు మారింది, మనిషి మారలేదు

తాత మొదటి గూఢచారి బాండ్ కాదు, కృష్ణ. 1966 ఆగస్టులో ‘గూఢచారి 116’ విడుదలైనప్పుడు ఆయనకు పన్నెండేళ్లు. పట్నంలో ఆడినప్పుడు చూళ్లేదు. ప్రింటు అరిగి, వాన కురుస్తున్నట్టు గీతలు పడ్డాక టూరింగ్ టాకీస్‌కు వచ్చింది. అప్పుడు నేల టికెట్‌లో కూర్చుని చూశాడు. ‘‘గీతలల్ల నుంచే చూసినం. అయినా వాడు తుపాకి తీస్తే మేమే తీసినట్టుండె’’ అంటాడు.

ఆ సినిమా మీద పెట్టిన పందెం చిన్నది కాదు. కృష్ణకు అది మూడో చిత్రం. ఆదుర్తి సుబ్బారావు కొత్తవాళ్లతో తీసిన ‘తేనె మనసులు’ 1965లో వచ్చింది. అందులో ఓ సన్నివేశంలో స్కూటర్ మీద కారును వెంటాడి, దాని మీదికి దూకాడు కృష్ణ. అది నిర్మాత డూండీ కంట్లో పడింది. ఇంగ్లిషు బాండ్ సినిమాలకు ఇక్కడి కుర్రకారు ఎగబడుతున్న రోజులవి. అలాంటిది తెలుగులో తీస్తే? సుందర్‌లాల్ నహతాతో కలిసి డూండీ సాహసం చేశాడు. మల్లికార్జునరావు దర్శకుడు, జయలలిత కథానాయిక. సినిమా పోయి ఉంటే ఆ కుర్రాడి పేరు ఎంతమందికి గుర్తుండేదో! పోలేదు. ఆడింది. ఆంధ్రా జేమ్స్‌బాండ్ అన్న బిరుదు కృష్ణను అతుక్కుపోయింది. అవకాశాలు వరసకట్టాయి.

ఆ తర్వాత ‘జేమ్స్‌బాండ్ 777’ (1971), ‘ఏజెంట్ గోపి’ (1978), ‘రహస్య గూఢచారి’ (1981), ‘గూఢచారి 117’ (1989)... వీటిల్లో ఒకదానికి ఇంకోటి కొనసాగింపు కాదు. కథ వేరు, కొన్నిసార్లు నంబరూ వేరు. అక్కడ 007 అనే నంబరు అలాగే ఉండి, షాన్ కానరీ నుంచి డేనియల్ క్రెయిగ్ దాకా ఆరుగురు నటులు మారారు. ఇక్కడ నంబర్లు మారుతూ పోయాయి, కృష్ణ అలాగే ఉన్నాడు. జనం టికెట్ కొన్నది గూఢచారికి కాదు, ఆ మనిషికి. 2022 నవంబరులో కృష్ణ పోయినప్పుడు తాత ఆ రోజంతా అన్నం ముట్టలేదని ఇంట్లోవాళ్లు చెబుతారు. 

‘116’ ఊరికే ఉండలేదు. మరుసటి ఏడాదే హిందీలో ‘ఫర్జ్’ అయింది. దాంతో జితేంద్ర నిలదొక్కుకున్నాడు. ఆ ‘ఫర్జ్’ తీసిన రవికాంత్ నగాయిచ్ మన తెలుగు సినిమాల్లో కెమెరా పట్టినవాడే. ఆయనే 1979లో ‘సురక్షా’ తీస్తే మిథున్ చక్రవర్తి దశ తిరిగింది. 2018లో ‘గూఢచారి’ అని పాత పేరే పెట్టుకుని అడివి శేష్ తక్కువ ఖర్చుతో సినిమా చేస్తే అదీ ఆడింది.

‘‘గమనించినవా? గూఢచారి బొమ్మ కొత్త పోరగానికి, తక్కువ పైసలకు కలిసొస్తది’’ అంటాడు తాత. మొదటి బాండ్ సినిమాకీ ఆ మాట సరిపోతుంది. 1962లో ‘డాక్టర్ నో’కు అయిన ఖర్చు పది పన్నెండు లక్షల డాలర్లు. కానరీ అప్పటికి పెద్ద స్టారేమీ కాదు. వచ్చింది దాదాపు ఆరు కోట్ల డాలర్లు.

మనవడు ఊరుకుంటాడా? ‘‘మరి 1969ల కొత్తాయన్నే పెట్టిండ్రు కదా, లేజన్‌బీని. ముందటి బొమ్మ కన్న తక్కువొచ్చినయ్!’’ నిజమే. 1989లో ‘లైసెన్స్ టు కిల్’ 15 కోట్ల 60 లక్షల డాలర్ల దగ్గరే ఆగింది. ఆపైన హక్కుల తగాదాలు వచ్చిపడి బాండ్ ఆరేళ్లు తెరమీదికే రాలేదు. 1995లో పియర్స్ బ్రాస్నన్ ‘గోల్డెన్ ఐ’తో వచ్చి 35 కోట్లు దాటించాకే ఊపిరి తీసుకున్నాడు. క్రెయిగ్‌ను ఎంచుకున్నప్పుడైతే అభిమానులే వద్దని గొడవ చేశారు. తీరా 2006లో ‘కేసినో రాయల్’ దాదాపు 60 కోట్లు తెచ్చింది. మనకు తెలుగులోనూ వచ్చింది. బాండ్ అచ్చ తెలుగులో మాట్లాడుతుంటే తాత తెగ నవ్వుకున్నాడట.

పెద్ద ఖర్చు మాటకొస్తే మాత్రం తాతదే పైచేయి. 2023లో భారీగా తీసిన ‘ఏజెంట్’ విడుదలైన నాలుగు రోజులకే నిర్మాత బయటికొచ్చి, పూర్తి స్క్రిప్టు లేకుండా మొదలెట్టడం తమ తప్పేనని ఒప్పుకున్నాడు. 2025 ఆగస్టులో ఎన్టీఆర్ ఉన్నా ‘వార్ 2’ తెలుగునాట ఆశించినంత రాబట్టలేదు.

ఆ కోట్లు ఎవరివి?

అసలు ఈ కోట్లన్నీ ఎవరి చేతికొస్తాయి? హైదరాబాద్‌లో పెద్ద సినిమాకు ఒంటితెర హాల్లో 177 రూపాయల టికెట్ ఉందనుకోండి. అందులో 27 రూపాయలు జీఎస్టీ. మిగిలిన 150లోంచి హాలుకు అద్దె. ఆ తర్వాత మిగిలేదే షేర్. పోస్టరు మీద వేసేదేమో మొత్తం 177! దాన్ని గ్రాస్ అంటారు. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గుంటూరు అంటూ ఏరియాలవారీగా ముందే డబ్బు పోసి కొన్నవాళ్లకు షేరే దిక్కు. బాలాపూర్ లడ్డూ పాడుకున్నవాళ్లు దాన్ని పొలంలో చల్లుకుంటే పంట బాగా పండుతుందని నమ్ముతారు. సినిమా కొన్నవాళ్లదీ నమ్మకమే. కాకపోతే లడ్డూ చేతికొస్తుంది.

హాళ్లవాళ్లదీ సుఖం కాదు. 2020 ఏప్రిల్‌లో రావాల్సిన ‘నో టైమ్ టు డై’ కరోనా వల్ల 2021 సెప్టెంబరు దాకా ఆగింది. అన్నాళ్లూ ఆగినా 77 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆగితే బాండ్ బతుకుతాడు... ఒంటితెర హాళ్లు బతకొద్దూ? 2024 మేలో సినిమాల్లేక తెలంగాణలో పది రోజులు తలుపులు మూసుకున్నాయి. అద్దె గిట్టుబాటు కావడం లేదు, వసూళ్లలో వాటా ఇవ్వమని 2025 మేలో పట్టుబట్టాయి. తాత పనిచేసిన హాలు అప్పటిదాకా కూడా లేదు. ఇప్పుడది ఫంక్షన్ హాలు. బుకింగ్ కంత ఉన్న చోట పాన్ డబ్బా పెట్టారు.

ఇంత లెక్క తెలిసిన మనిషి ఒక్కసారీ చెయ్యి కాల్చుకోలేదా అని మనవడికి అనుమానం. ఈ మధ్యే అటక మీద రేకు పెట్టె దించినప్పుడు అది తీరింది. పెట్టెలో పాత డీసీఆర్ పుస్తకం ఉంది. అది హాలుది కాదు. తాత సొంతం.

హాల్లో పనిచేస్తున్న రోజుల్లోనే మరో ఇద్దరితో కలిసి ఓ గూఢచారి సినిమా కొన్నాడాయన. కృష్ణది మాత్రం కాదు. పేరడిగితే నోరు విప్పడు... ఈ విషయంలో ఆయనే గూఢచారి! నాలుగైదు చిన్న ఊళ్లలో ఆడించుకునే హక్కు, ఫిక్స్‌డ్ హయర్ మీద. అంటే వచ్చినా రాకపోయినా కట్టిన డబ్బు తిరిగిరాదు. తన వాటా కోసం బాలాపూర్‌లో ఉన్న 200 గజాల జాగా అమ్మాడు. ఇవాళ ఆ జాగా ధరెంతో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు.

పట్నంలో ఆ సినిమా బాగానే ఆడుతోంది. యాభై రోజుల పోస్టర్లు పడ్డాయి. ఊళ్లలో మొదటి మూడు రోజులూ హాలు నిండింది. తర్వాత వానలు పట్టాయి, నాట్లు మొదలయ్యాయి. జనం పొలాల్లోంచి కదల్లేదు. వచ్చిన డబ్బులోంచి వినోదపు పన్ను, హాలు అద్దె, రీలు డబ్బాలకు బస్సు కిరాయి, గోడల మీద అతికించే మనిషి కూలీ, రిప్రజెంటేటివ్ బత్తా పోగా మిగిలింది ఆ రేకు పెట్టె, అందులో పుస్తకం.

‘‘అంటే నువ్వు ఫ్లాప్ బొమ్మ కొన్నవా తాతా?’’

‘‘ఫ్లాప్ ఎవడన్నడు? వంద రోజులాడింది. హిట్టు బొమ్మ.’’

మనవడు చివరి పేజీ తిప్పాడు. నీలం ఇంకు వెలిసిపోయింది. సెకండ్ షో... నేల 41, బెంచీ 17, కుర్చీ 6, బాల్కనీ సున్నా.

‘‘అరవై నాలుగు టికెట్లు తెగినయ్’’ అన్నాడు. ఆ ప్రశ్నకి వాడు జవాబు చెప్పడం అదే మొదటిసారి.

‘‘అరవై రెండే’’ అన్నాడు తాత. ‘‘రెండు కుర్చీ టికెట్లు మేమే కొన్నం. జాగా పోయిందన్న సంగతి ఆమెకు అప్పటికే తెల్సు. ఏం బొమ్మకు పోయిందో చూస్త అన్నది. తోల్కపోయిన.’’

లోపల బియ్యం చెరుగుతున్న నాయినమ్మ చేట ఆపింది.

‘‘బొమ్మ మంచిగనే ఉండె’’ అంది.