పని పెరిగినదను మాట

“పని పెరిగినది” అను మాట మన గృహములలో వినబడని దినము లేదు. ఆషాఢమున బోనాలు వచ్చినచో పని పెరుగును. పిల్లలకు పరీక్షలు వచ్చినచో పెరుగును. ఇంటికి చుట్టములు వచ్చినచో పెరుగును. వారు వెడలిపోయిన పిదప, విడిచిన దుప్పట్లును గిన్నెలును మిగులుటచేత, మరికొంత పెరుగును. నిత్యము నోట నుండు ఈ మాటనే ఇంగ్లీషులో చెప్పవలసివచ్చినప్పుడు మాత్రము మన బాలికలు ఏమి వ్రాయవలెనో తోచక కూర్చుందురు. ఈ చిక్కు చిన్నదిగా తోచును గాని, దాని వెనుక కూలి కలదు, గౌరవము కలదు, ఒక్కొక్కప్పుడు జీవనోపాధియే కలదు. అందుచే సోదరీమణులతో దీనినిగూర్చి నాలుగు మాటలు ముచ్చటింప దలచితిమి.

మేము హైదరాబాదు పాతబస్తీలో షా అలీ బండ ప్రాంతమున కాపురముండువారము. మా వీథిలో ఒక ఇంట తెలుగు, మరియొక ఇంట ఉర్దూ. గోడ మీదుగా చేబదుళ్లు సాగునప్పుడు రెండును కలిసిన భాష. ఇంగ్లీషు మా పెద్దలకు దూరపు చుట్టమే. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున సైతము ఆ కాలమందు ఉర్దూయే బోధనాభాష. ఇంగ్లీషు తప్పక చదువవలసిన పాఠముగా మాత్రముండెను. నేడు కాలము మారినది. ఇంగ్లీషు నేర్పు ఉపాధ్యాయులకు శిక్షణ నొసగుటకై 1958లో ఈ నగరముననే కేంద్రసంస్థ యొకటి వెలసి, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైనది. బడి ముఖము ఎరుగని తల్లుల తరపున, చదువుకొన్న కూతుళ్లు సెల్‌ఫోనులో ఇంగ్లీషున జాబులు వ్రాయుచున్నారు.

చార్మినారునకు పడమట నున్న లాడ్‌బజారు లక్కగాజులు ఎల్లరు నెరిగినవే. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. లక్కను నిప్పులపై మెత్తపరచి, సన్నని కడ్డీగా సాగదీసి, వలయముగా చుట్టి, వేడి చేసిన లక్కపై రాళ్లను, అద్దపు ముక్కలను ఒక్కొక్కటిగా పొదుగుదురు. ఈ పొదుగుడు పనిలో అధికభాగము పాతబస్తీ ఇండ్లలోనే, వంటకును పిల్లల బడికిని నడుమ దొరకిన వేళలలో జరుగుచుండును. మా పొరుగింటి తల్లీకూతుళ్ల పని ఇదియే.

ఆ ఇంటికి సముద్రము ఆవలి యొక దుకాణమునుండి ఆర్డరులు వచ్చుచుండెను. ఒకమారు ఆ వర్తకుడు, “పనులెట్లున్నవి?” అని కుశలముగా ప్రశ్నింపగా, ఆ చిన్నది సంతోషముతో “అవర్ హ్యాండ్స్ ఆర్ ఫుల్” అని జవాబు వ్రాసెను. చేతినిండ పని యున్నదని దాని తలంపు. మన భాషలో ఇది చల్లని మాట. చేతినిండ పని, కడుపునిండ తిండి ఉండవలెనని పెద్దలు దీవింతురు గదా! కాని ఇంగ్లీషులో చేతులు నిండినవనగా, ఇక మరి దేనిని పట్టుకొనుటకు చోటులేదని అర్థము. వర్తకుడు మర్యాదగా ధన్యవాదములు తెలిపి, పండుగ ఆర్డరును వేరొకచోట నిచ్చెను. నెలదినములు గడచిన పిదప ఆ చిన్నది ఫోను తెచ్చి, “ఖాలా, నేను తప్పేమి వ్రాసితిని? వ్యాకరణము సరిగానే యున్నది గదా!” అని అడిగెను. వ్యాకరణము సరిగానే యున్నది. రెండు భాషలలోను చేతులే నిండినవి; ఒకదానిలో భాగ్యముతో నిండినవి, వేరొకదానిలో భారముతో నిండినవి.

మరి యేమి వ్రాయవలసియుండెను? మందముగానున్న వ్యాపారము మరల పుంజుకొనుచున్నదని శుభముగా చెప్పుటకు ఇంగ్లీషువారు “వర్క్ ఈజ్ పికింగ్ అప్” అందురు. దానికి “మరికొంత పని చేయగలము” అని చేర్చిన చాలును. ఇందులో ఒక్క మాట పొరపాటును ప్రమాదమే. “పైలింగ్ అప్” అన్నచో పని కుప్పలుగా పేరుకొనుచున్నదని, అనగా వచ్చినది వచ్చినట్లు తీరుట లేదని అర్థము. ఆ మాట మనము వెనుకబడినామని మన నోటనే ఒప్పుకొనుటకు దగ్గరగా నుండును. “వర్క్‌లోడ్” అనునది మోతను తెలుపును. ఒక మనిషిమీదనో కొందరిమీదనో పడిన బరువును చెప్పవలసినప్పుడే అది తగును. “స్నోడ్ అండర్” అనగా మంచు క్రింద కూరుకొనిపోయినట్లు పనిలో మునిగితిమనుట. మంచు కురియుట నెన్నడును చూడని మా వీథికి ఆ మాట అరువు తెచ్చిన శాలువవలె నుండును. పని వరదవలె వచ్చి పడినదను మాటయు వారికి కలదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన బెట్టుకొన్న కథ వినుచు పెరిగిన ఇండ్లలో, వరదను ఆర్డరులకు ఉపమానము చేయుటకు నోరాడదు. మా ఉర్దూ పొరుగువారు, తల గోకికొనుటకైనను తీరిక లేదందురు. మనము ఊపిరి సలుపుట లేదందుము. ఎవరి మాట వారి బ్రతుకునుండి పుట్టినదే. దానిని ఉన్నదున్నట్లు వేరొక భాషలోనికి మోసికొనిపోయినచో దారిలో అర్థము ఒలికిపోవును.

బాలికలు తరచుగా చేయు పొరపాటు మరియొకటి కలదు. మనకు పని యనియు, పనులనియు రెండును గలవు గనుక, “మెనీ వర్క్స్” అని వ్రాయుదురు. ఈ అర్థమున ఇంగ్లీషు “వర్క్” నేతివంటిది. రెండు నేతులు అనము. రెండు గరిటెల నెయ్యి యందుము. అట్లే “మోర్ వర్క్” అనియో, “ఎ లాట్ ఆఫ్ వర్క్” అనియో చెప్పవలెను. దినదినమును పెరుగుచున్నదని చెప్పుటకు “మోర్ అండ్ మోర్ వర్క్” సహజముగా నుండును. “యాన్ ఇంక్రీజింగ్ అమౌంట్ ఆఫ్ వర్క్” తప్పు కాదు గాని, అది కచేరీ కాగితములకు తగిన మాట. ఆర్డరులవంటి లెక్కింపదగిన వస్తువులకు “అమౌంట్” కాక “నంబర్” వాడవలెను. “వర్క్స్” అని సకారము చేర్చినచో కార్ఖానా, గ్రంథకర్త రచనలు, ప్రభుత్వ నిర్మాణములు మొదలగు వేరు అర్థములు వచ్చును.

ఇంతవరకు చెప్పినది మాటల సంగతి. దీనికంటె లోతైన సంగతి యొకటి మాకు తోచినది. “పని పెరిగినది” అను వాక్యమున కర్త యెవరు? పనియే! పెరటిలోని తీగవలె అది తనంతట తానే పెరిగినట్లు చెప్పుచున్నాము. కాని గాజుకు ఒక వరుస రాళ్లు పొదుగుచోట మూడు వరుసలు పొదుగుమన్నవారు ఒకరుందురు. కూలి మాత్రము జత కింత యని మునుపటివలెనే యుండును. జతల లెక్క చూచినచో పని పెరిగినట్లు కనబడదు. ఆమె కన్నులకును వ్రేళ్లకును మాత్రమే అది తెలియును. అట్టిచోట “పని పెరిగినది” అని నిట్టూర్చిన వినువారు, “పెరిగిన పెరుగనిండు” అని ఊరకుందురు. “పని పెంచినారు” అన్నచో, ఎవరు పెంచిరి, ఎంత పెంచిరి, దానికి కూలి యేమి యను ప్రశ్నలు వెంటనే పుట్టును.

ఇంగ్లీషున వ్రాయునప్పుడును ఈ విధమే మేలు. పెరిగినదను మాటకు అలంకారము వెదకుటకంటె, “ఈచ్ పెయిర్ నౌ టేక్స్ లాంగర్” అని, అనగా ఒక్కొక్క జతకు ఇప్పుడు హెచ్చుకాలము పట్టుచున్నదని వ్రాసి, మునుపెంతసేపు పట్టెడిది, ఇప్పుడెంతసేపు పట్టుచున్నది అంకెలలో తెలిపినచో, ఏ దేశపు వర్తకునకైనను తెలియును. అందులో దైన్యము లేదు, కోపమును లేదు. బేరమునకు కావలసిన నిజము మాత్రము కలదు. మా పొరుగింటి చిన్నది ఇప్పుడు రోజున కెన్ని జతలు ముగించినదియు, ఎన్ని గంటలు పట్టినదియు పలకమీద గుర్తు పెట్టుకొనుచున్నది. తల్లికి చదువు రాకున్నను అంకెలు వచ్చును గనుక, ఆ లెక్కను ఆమెయే సరిచూచును.

గాజుల పనికి జత యను కొలత యైన కలదు. మన వంటయింటి పనికి అదియు లేదు. వృద్ధులకు మందులిచ్చుట, నీరు వచ్చు వేళకు మేల్కొనియుండుట, పిల్లవానిచేత పాఠము చదివించుట, ఇవన్నియు ఏ లెక్కలోను చేరక, “పని పెరిగినది” అను ఒక్క నిట్టూర్పులో కరగిపోవుచున్నవి. కొలత లేని పనికి విలువ కట్టువారుండరు. పంచుకొనుటకు ముందుకు వచ్చువారును అరుదు. కావున సోదరులు, భర్తలు, కుమారులు వినునట్లుగా, ఏ పని, ఎవరివలన, ఎంత పెరిగినదో పేరు పెట్టి చెప్పుట మనము అలవాటు చేసికొనవలెను. బిడ్డలకు ఇంగ్లీషు నేర్పుట మంచిదే. దానితోపాటు తమ శ్రమను తెలుగులో సూటిగా చెప్పుటయు నేర్పుదము. తల్లిభాషలో తేటగా చెప్పగలిగినదానికి పరభాషలో మాట దొరకుట అంత కష్టము కాదు.