పెట్టె పలికితేనే బేరం

ఇవాళ మా కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో టమాటాలు కొంటుంటే, నా ముందున్న కుర్రాడు ఫోన్ చూపించి "పంపేశానక్కా" అన్నాడు. కూరగాయలమ్మే అక్క తలెత్తనే లేదు. "పెట్టె ఇంకా పలకలేదు నాయనా, కాసేపాగు" అంది. పెట్టె అంటే ఖాతాలో డబ్బు పడగానే పలికే సౌండ్‌బాక్స్. నిజమే, దొంగ స్క్రీన్‌షాట్ ఎవరైనా తయారు చేయొచ్చు. ఖాతాలో పడిందే డబ్బు.

2001లో గనులు మూతపడేదాకా మా కేజీఎఫ్ బంగారానికి కాపలా గని కంపెనీ చూసుకునేది. ఇప్పుడు ఫోన్లో ఉన్న మన డబ్బుకి మనమే కాపలా. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. "డబ్బు వేస్తాం, పిన్ కొట్టండి" అన్నారంటే అది మోసమే. ఒకవేళ మోసపోతే సిగ్గుపడి కూర్చోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.