చేతిలో ఉన్నదానితో

సాహిత్యంలో పరిశోధన చేసినదానివి, వ్యాపారశాస్త్రంతో నీకేం పని అని స్నేహితులు అడుగుతుంటారు. సరస్ సరస్వతి రాసినవి చదివాక నాకు ఆ రెండింటి మధ్య అంత దూరం కనిపించడం లేదు. ఆమె అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయపు డార్డెన్ స్కూల్లో ఎంట్రప్రెన్యూర్‌షిప్ ప్రొఫెసర్. కార్నెగీ మెలన్‌లో నోబెల్ గ్రహీత హెర్బర్ట్ సైమన్ దగ్గర పరిశోధన చేశారు. పెద్ద కంపెనీలు నిలబెట్టిన 27 మందికి ఒక ఊహాత్మకమైన సరుకు చూపించి, దాంతో వ్యాపారం ఎలా మొదలుపెడతారో పైకి మాట్లాడుతూ ఆలోచించమన్నారు. ఆ మాటల్ని కాగితం మీదికెక్కించి, వాక్యం వాక్యం చదివి విశ్లేషించారు. మనం కథల్ని చదివేదీ అలాగే కదా!

ఆ అనుభవజ్ఞులు ముందుగా గమ్యం నిర్ణయించుకుని వనరుల కోసం వెతకలేదు. చేతిలో ఉన్నదానితో మొదలుపెట్టారు. ఎంత పోతే తట్టుకోగలమో చూసుకున్నారు. కలిసొచ్చేవాళ్లని కలుపుకుంటూ పోయారు. 2001లో అచ్చయిన వ్యాసంలో ఆమె ఈ పద్ధతిని 'ఎఫెక్చుయేషన్' అన్నారు. అందులో ఆమె ఇచ్చిన ఉదాహరణ వంట. ముందే మెనూ రాసుకుని సరుకులు తెచ్చి వండడం ఒకటి, ఇంట్లో ఏమున్నాయో చూసి వాటితో వండడం ఇంకొకటి. భాగస్వాముల్ని కలుపుకోవడానికి ఆమె తెచ్చిన పోలిక, రకరకాల గుడ్డముక్కలు కలిపి కుట్టే బొంత.

వంటిల్లు, బొంత! ఈ తర్కం మన ఇళ్లలో ఆడవాళ్లు రోజూ వాడేదే. వాళ్లు చేస్తే దాన్ని 'సర్దుకుపోవడం' అన్నాం. కంపెనీల అధిపతులు చేస్తే నైపుణ్యమైంది. స్వీడన్ పరిశోధకురాలు హెలెన్ ఆల్ ఈ రంగంలోని వ్యాసాల భాషనే పరిశీలించి, వ్యాపారవేత్తని వర్ణించే మాటల్లో 'మగతనం' ఎంతగా నిండి ఉందో చూపించారు.

సరస్వతి సిద్ధాంతంలో ప్రయాణం మూడు ప్రశ్నలతో మొదలవుతుంది: నేనెవర్ని, నాకేం తెలుసు, నాకెవరు తెలుసు. మన దగ్గర ఆడదాని తరఫున వీటికి జవాబులు చాలావరకు కులమూ కుటుంబమూ ముందే రాసేస్తాయి. 'తట్టుకోగల నష్టం' సంగతి మరీ చేదు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ అప్పుల్లో చిక్కుకున్న స్త్రీలకి ఆ లెక్క వేసుకునే వీలెక్కడుంది? ఒకరు వాయిదా కట్టలేకపోతే గ్రూపంతా బాధ్యత పడాలి. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది.

అందుకని ఆ సిద్ధాంతాన్ని పక్కన పెట్టాలని నేననను. చేతిలో ఉన్నదానితో మొదలుపెట్టడం ఒక ఆలోచనా విధానమని ఒప్పించడం చిన్న విషయం కాదు. కానీ ఆ చేతిలో ఏముంది, అందులోంచి ఎవరు లాక్కున్నారు అనేది కూడా పరిశోధనలోకి రావాలి. వాయిదా రోజున డబ్బు లెక్కపెట్టుకుంటూ మన ఊళ్లలో ఆడవాళ్లు పైకి ఆలోచించే మాటల్ని కూడా ఎవరైనా అంత శ్రద్ధగా రాసుకోవాలి, ఆ 27 మంది మాటల పక్కన పెట్టి చదవాలి. ఆ పని సాహిత్యం చదువుకున్న మనమే ఎందుకు మొదలుపెట్టకూడదు?