ద్వీపాంతరం వెళ్లొచ్చాం

'ద్వీపాంతరం'... ఈ కాలం పిల్లలకు తెలియని మాట. ఒకప్పుడు ఆ మాట చెవిన పడితే ఇంటిల్లిపాదీ గొల్లుమనేవారట. దొరల మీద తిరగబడినవాడికి ద్వీపాంతరవాసం పడిందంటే ఇక ఆ మనిషి మీద ఆశ వదులుకోవడమే. ఇప్పుడు అదే చోటికి మనం ఆఫీసులో సెలవు పెట్టి, నాలుగు నెలల ముందే టిక్కెట్లు కొనుక్కుని, పిల్లలకు కొత్త టోపీలు కొనిపెట్టి మరీ వెళ్తున్నాం. మేమూ అలాగే వెళ్లాం. మావారు, నేను, ఇద్దరు పిల్లలు, మా మామయ్య.

మామయ్య రిటైర్డ్ సోషల్ మాస్టారు. నర్సీపట్నం దగ్గర్లోని ఒక పల్లెటూరి హైస్కూల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పారు. అండమాన్ అనగానే పిల్లలు బీచులూ, గాజు అడుగు పడవలూ అంటూ జాబితా రాసేశారు. ఆయన మాత్రం "మీ బీచులు మీరు చూసుకోండమ్మా. నన్ను జైలు దగ్గర దింపండి, చాలు" అన్నారు. "తాతయ్య జైలుకెళ్తాడట!" అని పిల్లలు ఒకటే నవ్వు.

చెన్నైలో విమానమెక్కితే రెండు గంటలకు కాస్త అటూఇటూగా పోర్ట్‌బ్లెయిర్. 2024లో దీని పేరు శ్రీవిజయపురంగా మారింది. బయటికొచ్చి మేం తెలుగులో మాట్లాడుకోవడం విని, ఆటో అతను "ఏ ఊరమ్మా మీది? మాది సిక్కోలు" అన్నాడు. వాళ్ల తాత కూలిపనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడట. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. సముద్రం మధ్యలో దిగిన మొదటి అరగంటలోనే మనవాడు దొరికినందుకు ప్రాణం లేచొచ్చింది.

దొరల దీవి

మర్నాడు పొద్దున్నే అబర్డీన్ జెట్టీలో పడవెక్కాం. పావుగంటలోపే రాస్ దీవి. 2018లో దీనికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని పేరు పెట్టారు. కొబ్బరిచెట్లు, మనుషులకు బెదరని జింకలు, నెమళ్లు... మా పాప కాలు నేల మీద నిలిస్తే ఒట్టు!

1857 తిరుగుబాటు అణిగాక, పట్టుబడినవాళ్లను ఉంచడానికి ఇంగ్లిషువాళ్లు ఈ దీవులను ఎంచుకున్నారు. 1858 మార్చిలో మొదటి ఓడలో 200 మందిని తెచ్చి దింపారు. అడవి కొట్టింది, రాళ్లు మోసింది ఆ ఖైదీలే. వాళ్ల కష్టంతో లేచిన ఈ రాస్ దీవి 80 ఏళ్లకు పైగా దొరల రాజధాని. చీఫ్ కమిషనర్ బంగళా, చర్చి, బేకరీ, క్లబ్బు, నాట్యశాల, టెన్నిస్ కోర్టు... అన్నీ ఉండేవి. 'తూర్పు దేశపు పారిస్' అని మురిసిపోయేవారట.

ఇప్పుడు మిగిలింది మొండిగోడలు. 1941 జూన్‌లో పెద్ద భూకంపం వచ్చింది. మరుసటి ఏడాది జపాన్ సైన్యం దిగింది. దొరలు మళ్లీ ఇక్కడ కాపురం పెట్టలేదు. చర్చికి కప్పు లేదు. గోడల నిండా చెట్ల వేళ్లు పాముల్లా పెనవేసుకున్నాయి. ఇటుక ఎక్కడుందో, వేరు ఎక్కడుందో పోల్చుకోవడం కష్టం. మావాడు ఫొటోల మీద ఫొటోలు తీశాడు. మామయ్య మాత్రం ఒడ్డున నిలబడి అవతలికి చూస్తున్నారు. నీళ్లకు అటువైపు గట్టు మీద సెల్యులార్ జైలు!

"ఇక్కడ బ్యాండు మోగుతుంటే అక్కడికి వినపడేదంటావా?" అన్నారు నెమ్మదిగా. నా దగ్గర జవాబు లేదు.

పక్కగదిలో ఎవరు?

సాయంత్రం జైలుకెళ్లాం. 1896లో మొదలుపెట్టి పదేళ్లు కట్టారు. మధ్యలో ఒక బురుజు, దాన్నుంచి చక్రం ఆకుల్లా ఏడు విభాగాలు, ఒక్కోటీ మూడంతస్తులు. మొత్తం 690 పైచిలుకు గదులు. ఒక్కో గదిలో ఒక్కడే. పొడవు పదమూడున్నర అడుగులు, వెడల్పు ఏడున్నర. పైన అందనంత ఎత్తులో చిన్న గవాక్షం. ఒక విభాగం ముఖం పక్క విభాగం వీపును చూస్తుంది. అంటే తలుపు దగ్గర నిలబడ్డా సాటి ఖైదీ ముఖం కనిపించదు. గొళ్లెం కూడా తలుపుకు దూరంగా గోడలోకి ఉంటుంది, లోపలి చెయ్యి అందకుండా. మనిషికి మనిషి లేకుండా చేయడమెలాగో ఎవరో కూర్చుని ఎంత శ్రద్ధగా ఆలోచించారో!

సావర్కర్ సోదరులిద్దరూ ఇదే జైల్లో ఉండి కూడా, చాలాకాలం ఒకరి సంగతి ఒకరికి తెలియలేదని చెబుతారు. ఆ మాట వినగానే మా పాప అన్నయ్య చెయ్యి పట్టుకుంది. పొద్దున్నే కిటికీ సీటు కోసం కొట్టుకున్న చేతులే అవి.

కింద గానుగ చూశాం. ఎద్దుకు బదులు మనిషిని కట్టేవారు. రోజుకు 30 పౌన్లు, అంటే 13 కిలోలకు పైగా కొబ్బరినూనె తీయాలి. తగ్గితే కొరడా. 1933లో ఖైదీలు నిరాహారదీక్షకు దిగితే బలవంతంగా ముక్కులో గొట్టం పెట్టి పాలు పోశారు. మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మైత్ర... ముగ్గురు ప్రాణాలొదిలారు. మావాడు ఫోన్ జేబులో పెట్టేశాడు.

పాఠం అయిపోలేదు

రెండో అంతస్తు, మూడో అంతస్తు... మోకాళ్ల నొప్పులున్నా మామయ్య ఆగలేదు. బురుజులో చలువరాళ్ల మీద ఖైదీల పేర్లు చెక్కి ఉన్నాయి. బెంగాలీలవి, పంజాబీలవి ఎక్కువ. ఆయన కళ్లజోడు తుడుచుకుని వరసగా చదువుతూ చాలాసేపు ఉండిపోయారు. అప్పుడు చెప్పారు మనవడికి, ఇన్నేళ్లూ మాకెవరికీ చెప్పని సంగతి.

"అల్లూరి పాఠం ముప్పైసార్లు చెప్పానురా. 1924 మే 7న రాజును కాల్చేశారు అనడంతో పాఠం అయిపోతుంది. ఒక ఏడాది వెనక బెంచీలో ఒక కొండపిల్లాడు లేచి, 'మరి ఆయన కూడా ఉన్నోళ్లు ఏమైపోయార్సార్?' అన్నాడు. పుస్తకంలో లేదు. రేపు చెప్తానన్నాను. ఆ తర్వాత తెలుసుకున్నాను... వాళ్లలో కొందర్ని ఇక్కడికి పంపారని. ఈలోపు వాడు బడి మానేశాడు."

మన్యంలో పుట్టినవాళ్లు. కొండా, వాగూ తప్ప ఎరగనివాళ్లు. వాళ్లను ఓడెక్కించి ఈ నీళ్ల మధ్య వదిలేశారు. వాళ్లే కాదు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి ఈ జైల్లోనే ఉన్నారు. అంతకుముందు, ఈ గోడలు లేవకముందే, 1857 జులైలో హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడి చేసిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను ఈ దీవులకే పంపారు. ఆయన ఇక్కడే కన్నుమూశారు. ఆయనతోపాటు దాడికి నాయకత్వం వహించిన తుర్రేబాజ్ ఖాన్‌కూ ఇదే శిక్ష పడింది. కానీ ఓడెక్కించకముందే తప్పించుకున్నాడు. 1859లో తూప్రాన్ దగ్గర చంపేశారు. మనవడు ఊ కొడుతూ విన్నాడు. ఇంట్లో రెండు నిమిషాలు కుదురుగా కూర్చోనివాడు!

ఏడు విభాగాల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. కొన్ని జపాన్ వాళ్ల హయాంలో, కొన్ని స్వాతంత్య్రం వచ్చాక పోయాయి. ఈ ఆవరణలో 1963లో ఆసుపత్రి వచ్చింది. జైలును కూలుస్తుంటే వద్దని గట్టిగా అడ్డుపడింది ఎవరో తెలుసా? అందులో శిక్ష అనుభవించిన మాజీ ఖైదీలే. తాము నరకం చూసిన గదులను ఉంచమని వాళ్లే కోరారు. 1979 ఫిబ్రవరి 11న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ దీన్ని జాతీయ స్మారకంగా అంకితం చేశారు. దొరల బంగళాలు వేళ్లకింద నలిగిపోతుంటే, ఖైదీ గదులను భద్రంగా కాపాడుకుంటున్నారు.

మీరూ అండమాన్ వెళ్తే పిల్లల్ని బీచులకు తప్పకుండా తీసుకెళ్లండి. ఆ నీలిరంగు నీళ్లు చూసి తీరాలి. కానీ ఒక రోజు మాత్రం పొద్దున్న రాస్‌కు, సాయంత్రం జైలుకు కేటాయించండి. రెంటినీ ఒకేరోజు చూస్తేనే ఒకటి ఇంకొకదాని సంగతి చెబుతుంది. వీలైతే ఇంట్లో పెద్దవాళ్లను కూడా వెంటబెట్టుకెళ్లండి. మెట్లెక్కడం కష్టమని ఆగకండి. గైడ్లు తారీఖులు బాగానే చెబుతారు. మన ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల కథలు మాత్రం మనవాళ్లే చెప్పాలి.