పాకాల ఒడ్డున తాటికల్లు

ద్రాక్షసారా కాచే దేశాల్లో సరస్సు ఒడ్డున ఒక తోట, అందులో ఒక కుటుంబం, వచ్చిన అతిథికి ఓ గ్లాసు ఎర్రటి సారా... ఇదొక ముచ్చటట. మన ఓరుగల్లు సీమలో ద్రాక్షతోటలు లేకపోతేనేం? చెరువులున్నాయి, తాళ్ళున్నాయి, తరతరాలుగా వాటినే నమ్ముకున్న గౌడ కుటుంబాలున్నాయి. ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో కల్లు కబుర్లేమిటని ముక్కు చిట్లించకండి. అసలు సంగతి ముంతలో కాదు, చెట్టు మీద ఉంది.

వరంగల్లు నుంచి నర్సంపేట మీదుగా పాకాల సుమారు 50 కిలోమీటర్లు. 13వ శతాబ్దంలో కాకతి గణపతిదేవుని ఏలుబడిలో కట్టిన చెరువు. సుమారు 30 చదరపు కిలోమీటర్ల నీటిని చూసి చెరువనడానికి నోరు రాదు. ఆ ఆయకట్టు పల్లెలో ఒక గౌడుగారింటికి శివరాత్రి వెళ్ళిన వారంలో మిత్రునితో వెళ్ళాను.

ఆయనకు యాభై దాటాయి. కాళ్ళకు గుజి తగిలించి, నడుముకు ముస్తాదు కట్టి, మోకును వీపు మీదుగా చెట్టుకు చుట్టి, చూస్తుండగానే అరవై అడుగులూ ఎక్కేశారు. పైన గెల కొనను కత్తితో పలచగా చెక్కాలి. ఆ గాటు నుంచి చుక్కచుక్కగా రసం లొట్టిలోకి దిగుతుంది. గాటు ఆరితే ధార ఆగుతుంది కనుక పొద్దునా సాయంత్రమూ ఎక్కక తప్పదు. ఒక చెట్టయితే సరే, ఆయనకు పన్నెండున్నాయి!

"తాగి సూడుండ్రి సారూ, పొద్దుగాల్దే" అంటూ తాటాకు రేకలో వంచారు. ముందు తీపి, వెనకనే సన్నని పులుపు, నాలుక మీద చిన్న చురుకు. నిజం చెప్పొద్దూ, రెండో రేక నేనే అడిగాను.

ద్రాక్షసారా ఏళ్ళు గడిచేకొద్దీ విలువ పెరుగుతుందంటారు. కల్లుకు ఆ భాగ్యం లేదు. లొట్టిలో పడ్డ క్షణం నుంచే కంటికి కనిపించని ఈస్టు అందులోని చక్కెరను మత్తుగా మారుస్తుంది. సాయంత్రానికి పులుపెక్కి, మర్నాటికి పనికిరాదు. లోపల సున్నం పూసిన కుండ కట్టి తెల్లవారకముందే దింపితే అది నీరా, మత్తుండదు. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023లో దానికొక కెఫేయే తెరిచారు.

1708లో ఓరుగల్లు మీద విరుచుకుపడ్డ సర్వాయి పాపన్న తమవాడేనని చెప్పేటప్పుడు గౌడుగారి మెడ కాస్త నిటారయింది. ఇల్లాలికి మాత్రం ఆ గొప్పలు పట్టలేదు. ఆమె మరిది చెట్టు మీంచి పడి నడుము విరిగి మంచాన ఉన్నాడు. కొడుకు హనుమకొండలో చదువుతున్నాడు.

"వాణ్ణి మోకు ముట్టనియ్య" అందామె.

"మరి చెట్లో?" అన్నాడు మా మిత్రుడు.

"మాతోనే సరి."

గౌడుగారు చెరువువైపు చూస్తూ ఊరుకున్నారు.

గీత కార్మికులకు 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచమని తాళ్ళు, బెల్టులతో ఒక సరంజామా ఇవ్వడం మొదలుపెట్టింది. వీరికీ వచ్చింది. "దండెం మీద ఉన్న దినాలే ఎక్కువ" అని ఆమె ఫిర్యాదు. కట్టుకుంటే ఆలస్యమవుతుందని ఆయన జవాబు. పన్నెండు చెట్లు తిరిగేవాడి మాట కొట్టిపారేయలేం గానీ, నా ఓటు ఆమెకే.

పొద్దు వాలింది. ఆయన మోకు భుజాన వేసుకుని బయలుదేరితే, ఆమె బెల్టు తీసుకుని వెనకే నడిచింది. మొదటి తాడి దగ్గర మాటా పలుకూ లేకుండా చేతికందించింది. ఆయన మా వంక ఓసారి చూసి, నవ్వి, నడుముకు బిగించుకున్నారు.