రాతిమీది పేరు

మధురవాడ చేరువనున్న బావికొండ నెక్కి తూర్పునకు చూచినపుడెల్ల, ఈ సముద్రమునకు ఆవలి యొడ్డు బర్మాయే కదా యను తలపు నాకు కలుగును. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసిన సంగతి మనవారు నేటికిని చెప్పుకొందురు గాని, ఆ రెండవ ప్రపంచయుద్ధముననే ఆవలి యొడ్డున నేలకొరగిన మన కాల్బంటును తలచువారు అరుదు.

తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము తరతరములుగా సైన్యమునకు బిడ్డల నిచ్చిన గ్రామము. అచ్చట ప్రపంచయుద్ధవీరులకు స్మారకచిహ్నము కలదు. తక్కిన యూళ్లలో పెక్కింటికి అదియును లేదు. మీసకట్టు సరిగా రాని కుఱ్ఱవాడొకడు, వానకు నానిన బూట్లతో, జలగలు పట్టిన కాళ్లతో బర్మా అడవి నడచి నడచి యొరిగెననుకొనుడు. దహనమో ఖననమో ఇంటివారెరుగరు. రంగూనునకు ఉత్తరమున టౌక్యాన్ శ్మశానవాటికలోని స్తంభములపై, సమాధియే తెలియని సుమారు 27,000 మంది పేళ్లు చెక్కబడియున్నవి. అవి ఇంగ్లీషు అక్షరములు. చదువురాని తల్లి అంతదూరము పోగలిగినను, తన కొడుకు పేరేదో ఆమెకు తెలిసెడిది కాదు. ఎవరి సామ్రాజ్యము కొరకు చచ్చెనను ప్రశ్న నాకును కలదు. ఆ తల్లి యెదుట మాత్రము దాని నడుగజాలను.

మీ యింటి పాత ట్రంకుపెట్టె అడుగున సిపాయి పతకమొకటి యున్నచో, దయచేసి పారవేయక, దానిపై పేరు చెక్కియున్నచో చదివి వ్రాసిపెట్టుడు.